మూడేళ్ల ఆదివారాలు... ఒక్క గుణకారం!

ఆదివారం వస్తే ఏం చేస్తాం? ఆలస్యంగా లేస్తాం. టీవీ చూస్తాం. చుట్టాలింటికో సినిమాకో వెళ్తాం. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే అమెరికా లెక్కల ప్రొఫెసర్ మాత్రం ఒకే ఒక్క సంఖ్యను ముందేసుకుని కూర్చునేవాడట. అదీ మూడేళ్లపాటు!

ఆ సంఖ్య 147573952589676412927. మొత్తం 21 అంకెలు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 14.75 లక్షల కోట్ల కోట్లు. 67 రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది.

ఉందని తెలుసు... ఏదో తెలీదు

1644లో ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఇలాంటి కొన్ని సంఖ్యల జాబితా ఇచ్చి, ఇవి ప్రధాన సంఖ్యలన్నాడు. అంటే, ఒకటీ ఆ సంఖ్యా తప్ప మరేదీ వాటిని శేషం లేకుండా భాగించలేదన్నమాట. అందులో మన సంఖ్యా ఉంది. 1876లో లూకాస్ అనే మరో ఫ్రెంచి గణితజ్ఞుడు అది తప్పని తేల్చాడు. చిత్రమేంటంటే, దేంతో భాగిస్తే శేషం మిగలదో ఆయనకీ తెలీదు! ఇంట్లో దొంగ ఉన్నాడు, ఏ గదిలోనో తెలీదు... అలాగన్నమాట.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. కోల్ బోర్డు దగ్గరికెళ్లి 67 రెండ్లను గుణించి ఒకటి తీసేశాడు. పక్కనే 193707721ని 761838257287తో గుణించాడు. రెండు జవాబులూ ఒక్కటే! ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే 'మూడేళ్ల ఆదివారాలు' అన్నాడని గణితజ్ఞులు కథగా చెప్పుకుంటారు.

ఆయనేమీ గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యకు కారణాంకమయ్యే ఏ ప్రధాన సంఖ్యనైనా 134తో భాగిస్తే శేషం ఒకటే రావాలి. అయినా సరే, చిన్న కారణాంకాన్ని చేరేలోగా అలాంటి సంఖ్యలు 14,45,580! వాటిని వడపోసే పద్ధతులే కోల్ అసలు గొప్పతనం.

మన డబ్బుకీ ఇదే తాళం

గుణించడం నిమిషాల పని, విడదీయడం ఏళ్ల పని. 1977లో పుట్టిన ఆర్ఎస్ఏ రహస్య సంకేత పద్ధతికి ఈ తేడాయే ప్రాణం. ఇంటర్నెట్‌లో ఎన్నో లావాదేవీలకు అది కాపలా కాసింది. ఇందులో 600కు పైగా అంకెలున్న సంఖ్యల్ని వాడతారు. 2020లో 250 అంకెల సంఖ్యను విడదీయడానికే, ఒక్క ప్రాసెసర్ కోర్‌తో అయితే 2700 ఏళ్లు పట్టేంత పని చేయాల్సొచ్చింది.

ఒక సంఖ్య ప్రధానమా కాదా అని కచ్చితంగా, వేగంగా తేల్చే పద్ధతిని 2002లో కనిపెట్టింది మనవాళ్లే... ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. కానీ మామూలు కంప్యూటర్లతో పెద్ద సంఖ్యల్ని చకచకా విడదీసే దారి మాత్రం ఇంకా దొరకలేదు.

పిల్లలూ, మీరూ చూస్తారా?

కోల్ సంఖ్యలోని అంకెలన్నీ కూడండి. 109 వస్తుంది. మళ్లీ కూడితే 10, మళ్లీ కూడితే 1. చిన్న కారణాంకంలో 37, పెద్దదాంట్లో 64... అవీ చివరికి ఒకటే అవుతాయి. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే కదా! ఇది రుజువు కాదు, గుణకారంలో తప్పులు పట్టుకునే చిట్కా మాత్రమే. పూర్తి గుణకారం చేయాలంటే ఒక కాగితం, పెన్సిలు, కాస్త ఓపిక చాలు. వెతికే కష్టం కోల్ ఎప్పుడో పడేశాడు!