ఆయిల్ దాచుకోవడం నేర్చిన మోటారు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓ మండువేసవి రోజు. కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీమ్ తినాలని ఉందంటే ఓలే ఎవిన్‌రూడ్ తెడ్లు వేసుకుంటూ సరస్సు దాటి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అది కరిగి నీరైపోయిందని, ఆ ఆలస్యమే మోటారు ఆలోచన రేపిందని చెబుతారు. నార్వేలో పుట్టిన ఈ మెకానిక్ 1909లో పడవ వెనక తగిలించే మోటారును అమ్మకానికి పెట్టాడు. దాని శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు దాదాపు 28 కిలోలు.

అది టూ-స్ట్రోక్ ఇంజన్. ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలిపి పోసేవారు. దాంతో ఆయిల్ మార్చే పని ఉండేది కాదు. కానీ ఆ ఆయిల్ పెట్రోల్‌తో పాటు కొంత కాలి, కొంత కాలకుండానే పొగగొట్టం ద్వారా నీళ్లలోకి పోయేది. దశాబ్దాల పాటు ఆ మురికిని సరస్సులూ సముద్రాలే భరించాయి.

నీటి మీద నడిచే యంత్రం ఆ నీటిని పాడుచేయకూడదని నమ్మిన సోయిచిరో హోండా సంస్థ 1964లో ఫోర్-స్ట్రోక్ మోటారు తెచ్చింది. ఇందులో ఆయిల్‌కు వేరే అర ఉంటుంది. అక్కడి నుంచి పంపు దాన్ని ఇంజన్ అంతా తిప్పుతుంది. దారిలో మసినీ, అరిగిన లోహపు పొడినీ ఫిల్టర్ పట్టుకుంటుంది. అయితే ఆ మురికిని బయటకు తీయాల్సింది మనమే. సాధారణంగా 100 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చాలి.

ముందు మోటారుకు నీళ్లు అందిస్తూ కాసేపు నడిపి ఆపాలి. వేడెక్కిన ఆయిల్ పల్చబడి మసితో సహా దిగిపోతుంది. మోటారును నిటారుగా ఉంచి, కింద బోల్టు విప్పి ఆయిల్‌ను పళ్లెంలోకి వదలాలి. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టే, వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉందేమో తడిమి చూడాలి. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ కారిపోతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ను చేత్తో బిగించాలి. బోల్టుకు కొత్త వాషర్ వేసి తిరిగి బిగించి, ఆయిల్‌ను గేజు గీత దాటకుండా పోయాలి. ఎక్కువైతే నురగ కట్టి ఇంజన్‌కే చేటు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవల్లో చేపల వేట ఆగుతుంది. ఫోర్-స్ట్రోక్ మోటారు ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

తీసిన ఆయిల్‌ను మాత్రం ఇసుకలోనో కాలువలోనో పారబోయకండి. డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇవ్వండి. మోటారు జాగ్రత్తగా దాచిన మురికిని మన చేత్తో మళ్లీ నీళ్లలో కలపడం తప్పు.