మీకు తెలుసా? వీలునామాకు భాష అడ్డం కాదు

ఇంట్లో తెలుగు, కాగితంలో కన్నడ. బాగేపల్లి, చింతామణి పక్క ఆస్తి మాటలన్నీ ఈ రెండింటి మధ్యే నలుగుతాయి. మంచం మీద కూర్చున్న పెద్దాయన "తూర్పు చేను పెద్దోడికి, బోరు కాడి అరెకరా ఆడబిడ్డకి" అని తెలుగులో చెబుతాడు. రాసేవాడు కన్నడలో రాసుకుపోతాడు. వేలిముద్ర పడుతుంది. తగువొచ్చి కోర్టుకెక్కినప్పుడు లేచే మొదటి ప్రశ్న ఒకటే: ఇందులో ఏముందో ఆయప్పకు తెలుసునా?

వీలునామా ఫలానా భాషలోనే ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. తెల్లకాగితం మీద, స్టాంపు లేకుండా, తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది రాసినవారి సంతకమో వేలిముద్రో, కనీసం ఇద్దరు సాక్షులు. ఆ సాక్షులు రాసినవారి ఎదుటే సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ మీ ఇష్టం, చేయిస్తే మంచిదే. సబ్ రిజిస్ట్రార్‌కు ఆ భాష రాకపోయి, అది జిల్లాలో వాడుకలో ఉన్నది కూడా కాకపోతే అనువాదం జతచేయమంటారు, అంతే. కన్నడలోనే రాయిస్తే మాత్రం, తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర వేశారన్న ఒక్క వాక్యం చివర చేర్పించండి.

సాక్షులుగా తమ ఈడు వాళ్లను పిలవడం మన పెద్దల అలవాటు. రేపు రుజువు చేయాల్సి వస్తే వాళ్లలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. డెబ్బై ఏళ్ల స్నేహితుడికన్నా పక్కింటి ముప్పై ఏళ్ల కుర్రాడు నయం.

ఊరి పేరు మారితే? 2025 జులైలో నందికొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లిని 'భాగ్యనగర' చేయాలని నిర్ణయించింది. పాత పత్రాలేమవుతాయోనని కంగారు అక్కర్లేదు. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా పుట్టకముందు రాసిన దస్తావేజుల్లో కోలారు జిల్లా అనే ఉంటుంది, అవి చెల్లుతూనే ఉన్నాయి. నేలను పట్టించేది సర్వే నంబరు, చెక్కుబందీ. కొలత దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడ ఎకరాకు 40 గుంటలు, ఆంధ్రలోని గోరంట్ల పక్కకు పోతే 100 సెంట్లు. రెండు వైపులా చేలున్న ఇళ్లవాళ్లు 20 గుంటలనీ 50 సెంట్లనీ కలగాపులగంగా రాస్తారు. రెండూ అరెకరానే, కానీ ఏ చేనుకు ఆ ఊరి లెక్కే రాయండి.

వీలునామా రాయకుండా కొడుకు కన్నుమూస్తే అతని స్వార్జితంలో తల్లికీ వాటా ఉందని ఎంతమందికి తెలుసు? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, తల్లి సమానం. వాళ్లలో ఒక్కరున్నా తండ్రి వంతు రాదు. బెంగళూరులో కొడుకు కొన్న సైటుకు వంశవృక్షం రాయించేటప్పుడు తల్లి పేరు వదిలేయడం మామూలైపోయింది. ఆమె అడగదు కదా అని.

ఆడపిల్లల సంగతి ఇంకా పెద్దది. హిందూ ఆడవాళ్లకు ఆస్తిలో కొంత హక్కు రాసిచ్చిన చట్టం మైసూరు సంస్థానం 1933లోనే చేసింది. 1994లో కర్ణాటక పిత్రార్జితంలో కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది కానీ, అప్పటికే పెళ్లయినవాళ్లను బయట నిలబెట్టింది. ఆ గీతను 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ చెరిపేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. అయినా "నీ పెళ్లి అప్పుడే అయిపోయిందిగా" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక చీర పెట్టి, పసుపు కుంకుమ కింద చేతిలో కొంత పెట్టి, హక్కు విడుదల పత్రం మీద సంతకం తీసుకుంటారు. తెలిసి వదులుకుంటే ఆమె ఇష్టం. కన్నడ కాగితాన్ని తెలుగులో చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం నా లెక్కన మోసమే.

బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు 1 నుంచి నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ డబ్బు అందుకునేవాడే, దానికి వారసుడు కానక్కర్లేదు.

బతికుండగానే పిల్లలకు దానపత్రం రాసేవాళ్లు, తమను చూసుకోవాలన్న షరతు అందులోనే రాయించండి. చూసుకోకపోతే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆ దానాన్ని రద్దు చేయమని అడగడానికి ఆ వాక్యమే ఆధారం.

ఇన్ని రాసుకున్నా పహాణిలో పేరు తనంత తాను మారదు. మరణ ధ్రువపత్రం, వంశవృక్షం పట్టుకుని పౌతి ఖాతాకు అర్జీ పెట్టుకోవాలి. తాత పోయి ఇరవై ఏళ్లయినా ఆయన పేరే ఉంటే సొసైటీ అప్పు పుట్టదు, పీఎం కిసాన్ డబ్బు రాదు. ఈ వారం చింతామణి సంతకో బాగేపల్లి కచేరికో పోయినప్పుడు మీ పహాణి ఒకటి తీయించి, దాని మీద ఎవరి పేరుందో చూడండి.