ఫైబరు పడవ సంరక్షణ

ఆంధ్ర తీరమునందలి మత్స్యకారులు పూర్వము కొయ్యదుంగలను చేర్చి కట్టిన తెప్పలపైనను, పలకలను త్రాళ్లతో కుట్టి చేసిన నావలపైనను సముద్రమునకు పోవుచుండిరి. నేడు వారిలో పెక్కుమంది మోటారు అమర్చిన ఫైబరు పడవలను వాడుచున్నారు. సన్నని గాజుపోగుల పొరలను ఒకదానిపై నొకటి పరచి, రెజిను అను జిగురు ద్రవముతో తడిపి గట్టిపడనిచ్చి వీనిని చేయుదురు. ఇట్టి పడవ తేలికయైనది, కొయ్యవలె చివుకదు, పురుగు తొలువదు.

అయినను దీనికొక బలహీనత కలదు. నీటిపై నున్నంతసేపు నీరు పడవ అడుగుభాగము నంతటిని మోయును. ఒడ్డునకు చేర్చినంతనే ఆ ఆధారము తొలగి, బరువంతయు నేలను తాకిన రెండు మూడు చోట్లనే పడును. రాతిమొనపై ఆనినచో అచ్చటి పొరలు విడిపోవచ్చును. పైకి వెండ్రుకవంటి గీత మాత్రమే కనబడును. కాని దానిగుండ నీరు లోనికి ఇంకి పడవను క్రమముగా బలహీనపరచును. నడిసముద్రమున అలల తాకిడికి అచ్చటనే చీలినచో అందలివారి ప్రాణములకే ముప్పు. కావున బరువును ఒక్కచోట పడనీయక పంచుటయే పడవ సంరక్షణకు మూలసూత్రము.

రేవునకు చేర్చునపుడు పడవను గాలికి గాని ప్రవాహమునకు గాని ఎదురుగా మెల్లగా నడుపవలెను. ఆ ఎదురు ఒత్తిడియే వేగమును తగ్గించును. గట్టునకును పడవకును నడుమ వ్రేలాడదీసిన పాత టైర్లు తాకిడిని మెత్తబరచును. పడవను ఆపుటకై చేయి గాని కాలు గాని అడ్డుపెట్టరాదు, ఎముకలు నుగ్గగును. ముందు వెనుకల మోకులు కట్టి, పోటుపాటులకు పడవ లేచి దిగునట్లు కొంత వదులు ఉంచవలెను.

క్రేనుతో ఎత్తుటకు ముందు లోని నీటిని తోడివేయవలెను. 200 లీటర్ల నీరు నిలిచినచో సుమారు 200 కిలోల బరువు అదనముగా చేరును. పడవ ఒరిగినపుడు ఆ నీరు ఆ వైపునకే పరుగెత్తి దానిని మరింత ఒరుగజేయును. సన్నని ఇనుపత్రాడు పడవను ఒరయును గనుక వెడల్పైన పట్టీలను రెండుచోట్ల వేయుదురు. మోటారు వెనుక నుండుటచే అచ్చట బరువెక్కువ. కావున మొదట జానెడెత్తు మాత్రమే లేపి, సమముగా నున్నదని తెలిసిన పిమ్మటనే పైకెత్తవలెను. ఎత్తిన పడవక్రింద ఎవరును నిలువరాదు.

తూర్పుతీరమున చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. అప్పుడు పడవలను అలలు అందని మెరకపై నిలుపుదురు. అడుగున పొడవునా దిమ్మెలు పెట్టి, వానిపై ఇసుకబస్తాలు గాని టైర్లు గాని పరచినచో బరువు చక్కగా పంపకమగును. వాననీరు నిలువకుండ అడుగు బిరడాను తీసియుంచవలెను. మోటారులోని ఉప్పు పోవునట్లు మంచినీటితో కడుగవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనదగుటచే పడవ అడుగున పేరుకొనును. అచ్చట నిప్పు ముట్టించుట మహాప్రమాదము. ఎండవలన పైపూత చెడకుండ నీడ కల్పించి, పెనుగాలికి ఎగిరిపోకుండ గుంజలకు కట్టవలెను. కొయ్యసుత్తితో మెల్లగా తట్టి చూచినచో పొరలు విడిన చోట బొద్దుశబ్దము వినవచ్చును. అట్టి చోటును వేటకు పోకముందే బాగుచేయించుకొందురు.

ఒక్క పడవపై నాలుగైదు కుటుంబముల జీవనము ఆధారపడియుండును. ఒడ్డున చూపిన శ్రద్ధయే కడలిలో వారికి రక్ష.