అడవిలో తప్పిపోయిన పిల్లలు

నల్లమల అడవి మీకు తెలుసు. కట్టెలకు పోతారు, పండ్లకు పోతారు. శివరాత్రికి, ఉగాదికి నాగలూటి, పెచ్చెరువు మీదుగా వేలమంది శ్రీశైలానికి నడిచి పోతారు. చంకలో ఒక బిడ్డ, వెనక ఇంకో బిడ్డ. ఆ వెనక బిడ్డ ఒక మలుపులో కనిపించకపోతే?

ఇది చిన్న అడవి కాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ ఇక్కడే కూలింది. ఎంతోమంది వెతికినా మరుసటి రోజు ఉదయానికి గాని జాడ తెలియలేదు.

ఆస్ట్రేలియా దేశంలో ఒక సంగతి జరిగింది. అది సముద్రాల అవతల ఉంది. ఇంగ్లండు వైపు నుంచి వలస పోయినవాళ్లు అక్కడ అడవి పక్కన గుడిసెలు వేసుకొని గొర్రెలు మేపేవాళ్లు. డఫ్ కుటుంబం అలాంటిదే. 1864 ఆగస్టు 12న తల్లి ముగ్గురు పిల్లలను పొరక పుల్లలు తెమ్మని పంపింది. ఐజాక్‌కు 9 ఏళ్లు. జేన్‌కు 7 ఏళ్లు. ఫ్రాంక్ పసివాడు. తెలిసిన చోటే, అయినా దారి తప్పినారు.

ఎందుకు తప్పుతారు? అడవిలో చెట్లన్నీ ఒకేలా ఉంటాయి. ఎండ కనిపించకపోతే దిక్కు తెలియదు. తిన్నగా పోతున్నామనుకుంటూ మనిషి చుట్టూ తిరుగుతాడు. పిల్లలు భయపడి ఇంకా వేగంగా నడుస్తారు. ఇంటికి ఇంకా దూరమవుతారు.

అక్కడ ఆగస్టు చలికాలం. ఊరివాళ్లు రోజుల తరబడి వెతికినారు. వాన పడి జాడ చెరిగింది. చివరకు ఆదివాసులను పిలిపించినారు. ఆ నేల మొదట వాళ్లదే. మొదటి రోజే పిలిచి ఉంటే పిల్లలకు అన్ని రాత్రుల చలి తప్పేది కదా!

వాళ్లు నలిగిన గడ్డి చూసినారు, విరిగిన పుల్ల చూసినారు. చిన్న అడుగులు ఆగిపోయి, పెద్ద అడుగులు లోతుగా దిగితే ఏమని అర్థం? చిన్నోణ్ని ఎత్తుకున్నారని. అలా జాడ పట్టి తొమ్మిదో రోజున పిల్లలను చేరుకున్నారు. ముగ్గురూ బతికే ఉన్నారు. జేన్ తన గౌను విప్పి తమ్ముడికి కప్పింది. జాడ తీసినవాళ్లలో ఒకాయన డిక్ ఎ డిక్. 1868లో ఆయన ఇంగ్లండు పోయి క్రికెట్ కూడా ఆడినాడు.

నల్లమలలో ఈ విద్య చెంచులకు ఉంది. పులుల అడవిని కాయడానికి అటవీశాఖ వాళ్లను పనిలో పెట్టుకుంది. బిడ్డ కనపడకపోతే వెంటనే చెంచుగూడేనికి, అటవీశాఖవాళ్లకు కబురు చేయండి. ఫోన్ పలికే చోట 112కు చెప్పండి. బిడ్డ ఆఖరున కనపడిన చోట గుంపుగా తొక్కొద్దు. అడుగులు చెరిగిపోతాయి.

పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: "తప్పిపోతే పరుగెత్తొద్దు. ఒక చెట్టు కిందే కూర్చో. గట్టిగా పిలువు. తమ్ముణ్ని, చెల్లెల్ని విడవొద్దు." ముదురాకు రంగు బట్టలు వద్దు, ఎరుపో పసుపో తొడగండి. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా. తడవకుండా ప్లాస్టిక్ కవర్‌లో మడిచి జేబులో పెట్టండి. జేబు లేకపోతే మొలతాడుకు కట్టండి.