ఏమీ కోయని కత్తి

విక్కా మతస్తుల పూజాపీఠం మీద ముందుగా కళ్లబడేది నల్ల పిడి ఉన్న కత్తి. పేరు అథామే. సాధారణంగా దానికి రెండు వైపులా అంచు ఉంటుంది, కానీ దాంతో దారప్పోగు కూడా తెంపరు. దాని పని గాలిలో గీత గీయడం. పూజ మొదలుపెట్టే ముందు ఒకరు కత్తి మొనను చాచి పట్టుకుని చుట్టూ తిరిగొస్తారు. సంప్రదాయం ప్రకారం ఆ వలయం అడ్డుకొలత 9 అడుగులు. పూజ జరిగినంతసేపూ ఆ వలయమే గుడి. అయిపోయాక దాన్ని విప్పేస్తే అది మళ్లీ మామూలు గదో, పెరడో. గోడలు లేని గుడిని కట్టేదీ విప్పేదీ ఆ కత్తే. వాళ్ల పూజా పనిముట్లన్నిటిలో నాకు మరీ ఇష్టమైనది ఇదే. నిజంగా ఏదైనా కోయాల్సి వస్తే తెల్ల పిడి కత్తి తీస్తారు. మూలికలు కోయడానికీ, కొవ్వొత్తుల మీద గుర్తులు చెక్కడానికీ అదే. ఈ నలుపు తెలుపు జంట ‘కీ ఆఫ్ సోలమన్’ అనే పాత యూరప్ మంత్రశాస్త్ర గ్రంథంలోనే ఉంది.

అథామేకి ఇంత పెద్దపీట వేసిన మనిషికి కత్తుల మీద ప్రాణం. జెరాల్డ్ గార్డ్‌నర్ 1884లో ఇంగ్లండ్‌లో పుట్టి, సిలోన్ తోటల్లో పనిచేసి, మలయాలో కస్టమ్స్ ఉద్యోగిగా రిటైరయ్యారు. మలయా వాళ్ల వంకర కత్తి ‘క్రిస్’ మీద 1936లో ఏకంగా పుస్తకమే రాశారు. ఇంగ్లండ్‌లో మంత్రవిద్య మీద ఉన్న 1735 నాటి చట్టం 1951లో రద్దయింది. మూడేళ్లకు, 1954లో, ఆయన ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అచ్చువేయించి, ఈ మతం ఇంకా బతికే ఉందని లోకానికి చాటారు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. విచ్ అనగానే మనకు చేతబడి, బాణామతి గుర్తొస్తాయి. ఆ అనుమానంతో పల్లెల్లో అమాయకుల ప్రాణాలు తీసిన ఘోరాలు మనకు తెలుసు. దీనికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. విక్కా ఒక దేవినీ, కొమ్ములున్న ఒక దేవుణ్నీ కొలిచే ప్రకృతి పూజ. ఎవరికీ హాని చేయకుండా నీకు నచ్చినట్టు బతుకు అన్నది వాళ్ల నీతి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74 వేల మంది పేగన్లమనీ, మరో 13 వేల మంది విక్కా అనీ రాయించుకున్నారు.

వాళ్ల పూజావిధుల పుస్తకం పేరు ‘బుక్ ఆఫ్ షాడోస్’, అంటే నీడల పుస్తకం. దీక్ష తీసుకున్న ప్రతివారూ గురువు దగ్గరి ప్రతిని సొంత చేతిరాతతో ఎత్తి రాసుకోవాలి. గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే ఆ పేరు పుట్టుక గురించి చెప్పిన సంగతి వింటే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. 1949లో ఒక లండన్ పత్రికలో గార్డ్‌నర్ నవల ప్రకటన పడింది. దాని ఎదుటి పేజీలో మీర్ బషీర్ అనే హస్తసాముద్రికుడి వ్యాసం ఉంది. శీర్షిక ‘బుక్ ఆఫ్ షాడోస్’. మనిషి నీడ పొడవును కొలిచి జాతకం చెప్పే సంస్కృత గ్రంథం గురించిన వ్యాసమది. పేరు అక్కణ్నుంచే వచ్చిందని ఆమె నమ్మకం.

వాలియెంటే 1953లో దీక్ష తీసుకున్నారు. ఆ పుస్తకం చదువుతుంటే కొన్ని భాగాలు ఆంగ్ల మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ రచనల్లోవని ఆమె ఇట్టే గుర్తుపట్టి గార్డ్‌నర్‌నే అడిగారు. చేతనైతే నువ్వు ఇంతకన్నా బాగా రాయి అన్నారాయన. ఆమె రాశారు. నేడు ప్రపంచమంతా విక్కా పూజల్లో వినిపించే దేవీ వాక్కులో చాలా భాగం ఆమె కలం నుంచి వచ్చినదే. బ్రైటన్‌లో ఆమె ఉన్న ఫ్లాట్ల భవనానికి 2013 జూన్ 21న, వేసవి అయనాంతం రోజున, నీలి ఫలకం పెట్టారు. ఈ మతాన్ని ఒక మగవాడి పేరుతో చెప్పుకోవడం అలవాటైపోయింది గానీ, దానికి నోరిచ్చింది ఆమే.

పూజాపీఠం మీది మరో పనిముట్టు పెంటకిల్, అంటే ఐదు కోణాల నక్షత్రం చెక్కిన గుండ్రటి పళ్లెం. ఇప్పుడు రాగితోనో కర్రతోనో చేస్తున్నారు. వెనకటి రోజుల్లో మైనంతో చేసేవారట, సోదాకు మనుషులొస్తే పొయ్యిలో పడేస్తే కరిగిపోయేందుకు. కత్తి, గిన్నె, చీపురు లాంటి ఇంటి వస్తువులే పూజకు వాడటానికీ అదే కారణం చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ చరిత్ర ఒప్పుకోదు. మంత్రగత్తెల రహస్య మతం ఒకటి శతాబ్దాల పాటు సాగిందని మార్గరెట్ మర్రే 1921లో రాసిన సిద్ధాంతాన్ని చరిత్రకారులు ఎప్పుడో తోసిపుచ్చారు. విక్కా ఇరవయ్యో శతాబ్దపు మతమని రోనాల్డ్ హట్టన్ 1999లో పెద్ద గ్రంథమే రాసి చూపించారు. వయసు తక్కువైనంత మాత్రాన భక్తి తక్కువ కాదు. ఏ ముక్క ఎక్కడిదో, ఎవరు తెచ్చారో ఇంత వివరంగా తెలిసిన మతాలు అరుదు, నన్ను ఆకట్టుకునేది అదే.

చీపురు సంగతికొస్తే, దాని కర్ర యాష్ చెట్టుది, పుల్లలు బర్చ్ చెట్టువి, కట్టు విల్లో కొమ్మది. పూజాస్థలాన్ని శుద్ధి చేయడానికి వాడతారు. పెళ్లిలో వధూవరులు చేయీ చేయీ పట్టుకుని దాని మీంచి దూకుతారు.

ఇక పండగలు. ఏడాదికి ఎనిమిది, సుమారు ఆరున్నర వారాలకు ఒకటి. ఈ ఎనిమిదీ అనాదిగా వస్తున్నాయని చాలామంది అనుకుంటారు. కానీ మొదట్లో పెద్ద పండగలు నాలుగే: అక్టోబర్ 31న సౌయిన్, ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లామస్. అయనాంతాలనూ విషువత్తులనూ దగ్గర్లో వచ్చే పౌర్ణమితో కలిపి కానిచ్చేవారు. గార్డ్‌నర్ స్థాపించిన బ్రికెట్‌వుడ్ బృందం వాళ్లు 1958లో వాటినీ విడిగా, సమాన హోదాతో జరుపుకుంటామంటే ఆయన సరే అన్నారు. అలా నాలుగు ఎనిమిదయ్యాయి. 1974లో ఐడన్ కెల్లీ అనే అమెరికన్ ఈ కొత్తవాటిలో మూడింటికి పేర్లు పెట్టారు. వసంత విషువత్తుకు ఓస్టారా, వేసవి అయనాంతానికి లిథా, శరద్ విషువత్తుకు మేబన్. లిథా పేరు బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 725లో రాసిన కాలగణన గ్రంథంలో నెల పేరుగా కనిపిస్తుంది. మేబన్ మాత్రం వేల్స్ పురాణాల్లోని ఒక వీరుడి పేరు. ఆ కథల్లో అతనికీ శరదృతువుకీ ముడి లేదు. అయినా ఆ పేరు నిలబడిపోయింది.

బెల్టేన్ మూలాలు మాత్రం నిజంగా పాతవి. క్రీ.శ. 900 ప్రాంతపు ఐరిష్ నిఘంటువు ఒకటి ఆ రోజున రెండు మంటలు వేసి, తెగుళ్లు సోకకుండా పశువుల్ని వాటి మధ్యగా తోలేవారని చెబుతుంది. మన భోగి, కనుమ ఒకే రోజున కలిసొచ్చినట్టు! ఎడిన్‌బరోలోని కాల్టన్ హిల్ మీద 1988 నుంచి ఏప్రిల్ 30 రాత్రి ఆ మంటల పండగను పెద్దయెత్తున జరుపుతున్నారు.

పూజా వస్తువుల కోసం కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని వర్జీనియా జైల్లో ఒక ఖైదీ తెల్లటి అంగీ, వలయం గీయడానికి సముద్రపు ఉప్పు, కొవ్వొత్తులు, ధూపం, చిన్న విగ్రహం, ధ్యానం నుంచి లేపడానికి వంటింటి టైమర్ కావాలని అడిగాడు. 1986లో అప్పీలు కోర్టు అతనిది రాజ్యాంగ రక్షణ ఉన్న మతమేనని తేల్చింది. వస్తువులు మాత్రం, జైలు భద్రత పేరు చెప్పి, ఇప్పించలేదు. మతాన్ని ఒప్పుకుని ఉప్పు కాదనడం నాకు సగం న్యాయంగానే కనిపిస్తుంది. 2007లో ఇంకో పోరాటం ఫలించింది. మరణించిన సైనికుల సమాధి రాళ్ల మీద శిలువ, దావీదు నక్షత్రాల్లాగే పెంటకిల్‌ను చెక్కేందుకు అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది.

భూమధ్యరేఖకు దక్షిణాన ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. బ్రిటన్‌లో సౌయిన్ వచ్చే అక్టోబర్ 31న ఆస్ట్రేలియాలో వసంతం నడుస్తుంటుంది. అందుకని అక్కడ చాలామంది ఆ రోజున బెల్టేన్ జరుపుతారు, చలికాలపు అయనాంతం పండగైన యూల్‌ను జూన్‌లో చేసుకుంటారు. చిక్కు అక్కడితో ఆగదు. బ్రిటన్‌లో సూర్యుడు దక్షిణం వైపు నుంచి సాగుతాడు కాబట్టి అగ్నికి దక్షిణ దిక్కు, వలయం సవ్యదిశలో. సిడ్నీలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి పోతాడు. దాంతో చాలామంది అగ్ని కొవ్వొత్తిని ఉత్తరానికి మార్చి, అథామే పట్టుకుని అపసవ్యంగా తిరుగుతారు. గురువులు నేర్పింది మార్చకూడదని బ్రిటన్ పద్ధతికే కట్టుబడినవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే కొవ్వొత్తిని ఉత్తరానికి జరిపినవాళ్ల పక్షమే, వాళ్లు తమ నెత్తిన ఉన్న సూర్యుణ్ని చూసి పూజ చేస్తున్నారు.