ఒకే మెసేజ్... ఎన్ని గ్రూపులకు?

బీదర్ జిల్లాలో తెలుగు మాట్లాడే ఇంట్లో ఫోన్ తెరిచి చూడండి. బడి గ్రూపు కన్నడంలో, చుట్టాల గ్రూపు తెలుగులో, వీధి గ్రూపులో ఉర్దూ, మరాఠీ కలిసి ఉంటాయి. ధన్నూర లాంటి ఊళ్లో ఒక్క మనిషే ఇన్ని గ్రూపుల్లో ఉండటం మామూలే. అందుకే ఒక చోట కనిపించిన పోస్టును మిగతా అన్నింట్లో వేసేస్తాం. పరీక్ష తేదీ, స్కాలర్‌షిప్ గడువు, రేపు బడికి సెలవన్న కబురు ఇలా చేరబట్టే కన్నడం చదవలేని తల్లికీ తెలుస్తున్నాయి. ఇది మంచి అలవాటే.

కానీ 2018 జులై 13న ఇదే జిల్లా ఔరాద్ తాలూకాలో జరిగింది మరిచిపోగలమా? హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన మిత్రులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ వాళ్ల వీడియో వాట్సాప్ గ్రూపులకెక్కింది. కారు కంటే ముందు మెసేజ్ ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారి అడ్డగించి కొట్టారు. 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చనిపోయాడు. పంపినవాళ్లలో చాలామంది తమ పిల్లల మీద భయంతోనే పంపి ఉంటారు. మనమూ తల్లిదండ్రులమే కదా!

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మంది దాకా ఉండేవారు. అయిదు గ్రూపులంటే 1,280 మంది. ఒక్క వేలి నొక్కుకే ఇంతమంది! 2020 ఏప్రిల్‌లో, ఎన్నో చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చారు. అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది.

అయితే మన ఇళ్లలో ఈ కట్టడి పనిచేయని దారి ఒకటుంది. కన్నడంలో వచ్చినదాన్ని చుట్టాల కోసం మనం తెలుగులో మళ్లీ టైప్ చేస్తాం. అంతే, బాణం గుర్తు పోతుంది. ఎక్కడో పుట్టిన పుకారు మన సొంత మాటలా, మన పేరుతో కొత్తగా బయల్దేరుతుంది. చదివేవాళ్లు 'మనవాడే రాశాడు' అని నమ్ముతారు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ల మీద బరువు ఎక్కువ అనేది ఇందుకే. అనువదించేటప్పుడు ఎవరు చెప్పారో, ఏ తేదీదో కూడా రాయాలి. అవి దొరకలేదంటే ఆ మెసేజ్‌ను అక్కడే ఆపేయాలి.

2018లోనే తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే పద్ధతి పట్టారు. పోలీసులు ఊరూరా తిరిగి, గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో చేరి, పుకారు రాగానే కాదని చెప్పారు. పాటలు కట్టి పాడించారు కూడా. మన బడి గ్రూపులో ఆ పని ఒక టీచరు చేయవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. సెలవు తేదీ మారిందని బడి తన గ్రూపులో సవరణ వేస్తుంది. పాత తేదీ మాత్రం మనం వేసిన మిగతా గ్రూపుల్లో అలాగే ఉండిపోతుంది. అవి ఏ గ్రూపులో బడికి తెలియదు, వేసినవాళ్లకే తెలుసు. కాబట్టి సవరణ పెట్టిన రోజు టీచర్లు ఒక మాట అడగాలి: 'మొదటిది ఎక్కడెక్కడ వేశారు? అక్కడ కూడా ఇది వేశారా?'