డబ్బు కట్ అయింది.. హెల్ప్‌లో ఎక్కడ నొక్కాలి?

యూపీఐలో డబ్బు పంపారు. మీ ఖాతాలో కట్ అయింది, అవతలివారికి చేరలేదు. కంగారుగా హెల్ప్ తెరిస్తే ‘డిస్ప్యూట్ రిడ్రెసల్’, ‘జనరల్ ఎంక్వైరీ’ వంటి శీర్షికలు. వీటిలో మీది ఏది?

అవి ఆఫీసు విభాగాల పేర్లు. తెలుగులోకి మార్చి ‘వివాద పరిష్కార యంత్రాంగం’ అన్నా అంతే. (పోయింది రూ.500.. ఇందులో వివాదం ఎవరితో?) ఫోన్‌లో పేజీ మొత్తం ఎవరూ చదవరు. వేలితో జరుపుతూ ఉపశీర్షికలే చూస్తారు. కాబట్టి ఏం జరిగిందో అవే చెప్పాలి: ‘డబ్బు కట్ అయింది, చేరలేదు’, ‘పొరపాటున వేరేవారికి వెళ్లింది’, ‘మోసపోయాను’.

ఈ మూడింటినీ ‘ట్రాన్సాక్షన్ సమస్యలు’ అని ఒకే గాటన కడితే మీకే నష్టం. మొదటిదానికి ఆర్‌బీఐ 2019లోనే గడువు పెట్టింది. వ్యక్తికి పంపిన సొమ్ము మరుసటి రోజుకల్లా, దుకాణానికి చెల్లించినదైతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం. పొరపాటున వెళ్తే యాప్‌లో, మీ బ్యాంకులో ఫిర్యాదు చేయాలి. మోసమైతే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. 1930కు ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. ఆ డబ్బు మరో ఖాతాకు మారిపోతే పట్టుకోవడం కష్టం. అందుకే ‘మోసపోయాను’ అన్న శీర్షిక అన్నింటికన్నా పైన, నంబరుతో సహా ఉండాలి.

మీ యాప్‌లో అలాంటి శీర్షికలు లేవా? హెల్ప్ మెనూ వదిలేసి, హిస్టరీలో ఆ చెల్లింపునే తెరవండి. చాలా యాప్‌లలో ఫిర్యాదు బటన్ అక్కడే ఉంటుంది.